తెలిసిన తర్వాత వెళ్ళిపోయే హక్కు

విజయనగరంలో కొందరు పుస్తక ప్రియులు ఏర్పాటు చేసుకున్న సాయంకాలపు సమావేశంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం ఇది.

పెద్దలకు నమస్కారం. వెనక నిలబడిన పిల్లలు ముందుకు వచ్చి చాపల మీద కూర్చోండి, చోటు ఉంది.

మనం కూర్చున్న ఈ గది నుంచి బొంకుల దిబ్బకు నడిచి వెళ్ళవచ్చు. ఈ ఊరివాళ్ళకు అది రోజూ దాటిపోయే చోటు. తెలుగు చదువుకున్నవాళ్ళకు మాత్రం అది గిరీశం మొదటిసారి ఎదురుపడిన చోటు. ‘కన్యాశుల్కం’ 1892లో ఈ ఊళ్ళోనే తొలిసారి రంగస్థలం ఎక్కింది. మనం ఇప్పుడు చదువుకునే 1909 నాటి కూర్పు తెరవగానే, ఆ దిబ్బ మీద ఒక మనిషి ఒంటరిగా నిలబడి తన బండారమంతా తానే చెప్పుకుంటూ ఉంటాడు. తక్కిన పాత్రలకు తెలియని సంగతులు మనకు ముందే తెలిసిపోతాయి. దాన్నే నాటకంలో స్వగతం అంటాం. ముప్పై ఏళ్ళకు పైగా ఆ స్వగతాన్ని పాఠం చెప్పాను. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, ‘ఇంత మోసగాడు మనకు ఎందుకు నచ్చుతాడు టీచర్?’ అని అడిగింది. మాటకారి కాబట్టి నచ్చుతాడమ్మా అన్నాను. ఆ జవాబు చాలదని నాకు అప్పుడే తెలుసు. సరైన జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది దొరికింది కూడా బొంకుల దిబ్బ మీద కాదు, అమెరికాలోని మయామీ నగరంలో జరిగే ఒక టెలివిజన్ ధారావాహికలో.

2021 వేసవిలో, కరోనా రెండో విడత రోజుల్లో, మా మేనకోడలు విశాఖపట్నం నుంచి వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఎవరి ఇంటి నుంచి ఏ కబురు వస్తుందోనని భయం. ‘అత్తా, ఇది చూడు, కానీ నెత్తురు కనిపించినప్పుడు కళ్ళు మూసుకో’ అని తన కంప్యూటర్ నా ముందు పెట్టింది. దాని పేరు ‘డెక్స్‌టర్’. 2006 అక్టోబరులో షోటైమ్ అనే ఛానల్లో మొదలై, 2013 సెప్టెంబరు దాకా ఎనిమిది సీజన్లు, 96 భాగాలు నడిచింది. జెఫ్ లిండ్సే రాసిన నవల దానికి మూలం. ముఖ్య పాత్ర వేసిన నటుడు మైకేల్ సి. హాల్. నెత్తురు కనిపించిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకున్నాను. అయినా చివరిదాకా చూశాను. ఎందుకు చూశానో చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. డెక్స్‌టర్ మోర్గన్ మయామీ పోలీసు శాఖలో నెత్తుటి మరకల నిపుణుడు. హత్య జరిగిన చోటికి వెళ్ళి, గోడ మీద నెత్తురు ఎటు చిందింది, కత్తి ఎంత ఎత్తు నుంచి దిగింది అని చూసి చెబుతాడు. పొద్దున్నే ఆఫీసుకు డోనట్లు పట్టుకెళ్ళి అందరికీ పంచుతాడు. చెల్లెలంటే బాధ్యత ఉన్నవాడు. రాత్రయితే హంతకుడు. చట్టం నుంచి తప్పించుకున్న హంతకులను వెతికి పట్టుకుని చంపుతాడు. చంపే ముందు వాళ్ళ నెత్తురు ఒక్క చుక్క గాజు పలక మీద తీసుకుంటాడు. ఆ పలకలున్న పెట్టెను తన ఇంట్లో ఏసీ యంత్రం లోపల దాచుకుంటాడు.

మూడేళ్ళ వయసులో తల్లిని కళ్ళెదుటే రంపంతో నరికి చంపారు. సరుకులు పంపే ఇనుప కంటైనరులో, ఆ నెత్తుటి మడుగులో, ఆ పసివాడు రెండు రోజులు ఉండిపోయాడు. అక్కడ అతన్ని ఎత్తుకుని బయటికి తెచ్చిన పోలీసు అధికారి పేరు హ్యారీ. ఇంటికి తీసుకెళ్ళి పెంచుకున్నాడు. పిల్లవాడు పెరిగే కొద్దీ, చంపాలనే కోరిక వాడిలో ఉందని కనిపెట్టాడు. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఒక్క మనోవైద్యురాలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ సాయంతో ఒక నియమావళి తయారు చేసి నేర్పాడు. నిరపరాధిని చంపకు, దోషి అని రుజువు చూసుకో, నలుగురిలో నలుగురిలా ఉండు. అన్నిటికంటే పైన ఒక నియమం: దొరికిపోకు.

హ్యారీ చేసింది క్రూరత్వం అని నేను అనలేను. అతనికి ఆ పిల్లవాడంటే ప్రాణం. ఎలక్ట్రిక్ కుర్చీ నుంచి కొడుకును కాపాడుకోవాలన్న తపనతోనే అదంతా నేర్పాడు. కానీ ఒక తండ్రి ప్రేమ దాచడం నేర్పే పాఠంగా మారితే ఆ బిడ్డ ఏమవుతాడో చూడండి. ప్రేమ అంటే ఏమిటో తెలిసే ముందే, దాపరికమే ప్రేమ అని అతనికి ఒంటపట్టింది. రెండో సీజన్లో ఇంకో సంగతి బయటపడుతుంది. హ్యారీ గుండె జబ్బుతో పోయాడని అందరూ అనుకుంటారు. నిజానికి కొడుకు ఒకణ్ణి చంపి ముక్కలు చేస్తుండగా చూశాడు. చూసి వాంతి చేసుకున్నాడు. మూడు రోజుల తర్వాత మందులు మింగి ప్రాణం తీసుకున్నాడు. తాను నేర్పిన పాఠాన్ని కళ్ళారా చూసి తట్టుకోలేకపోయాడు. ఆ భాగం చూసిన రాత్రి నేను మా నాన్న ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాను.

అది ఎందుకో చెప్పాలి. చెప్పకుండా ఈ ప్రసంగం చేస్తే నేను కూడా వేషం వేసుకుని మాట్లాడినట్టే.

నాకు పదకొండో ఏట మొదటిసారి మూర్ఛ వచ్చింది. అప్పుడు నెల్లిమర్లలో ఉండేవాళ్ళం. నాన్న జూట్ మిల్లులో గుమాస్తా. చంపావతి ఇసుకలో ఆడుకుంటూ పడిపోయాను. చేతిలో తాళాల గుత్తి పెట్టారట, ఉల్లిపాయ చిదిమి వాసన చూపించారట. విశాఖపట్నంలో డాక్టరు మాత్రలు రాసిచ్చారు. తిరుగు రైల్లో నాన్న నాకు కొన్ని నియమాలు చెప్పారు. ఏట్లో ఒంటరిగా దిగకు. బావి గట్టు ఎక్కకు. రాత్రి మేలుకోకు. పొరుగింట్లో పడుకోకు. మాత్ర మానకు. ఎవరికీ చెప్పకు. మొదటి అయిదు నియమాలూ నా ప్రాణం కాపాడాయి. ఆయన వాటిని ఎంత జాగ్రత్తగా ఆలోచించి చెప్పారో ఇప్పటికీ తలచుకుంటాను. ఆరో నియమాన్ని కూడా అంతే ప్రేమతో చెప్పారు. మాత్రలను పౌడరు డబ్బాలో పోసి పైన దూది కప్పి ఇచ్చారు.

నాన్న భయం ఊరికే వచ్చింది కాదు. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ ప్రకారం, తరచూ మూర్ఛ వచ్చే మనిషి పెళ్ళికి తగరు. అలాంటి పెళ్ళిని రద్దు చేయమని అవతలివాళ్ళు కోర్టుకు వెళ్ళవచ్చు. పిచ్చీ మూర్ఛా చట్టంలో పక్కపక్కనే రాసి ఉండేవి. 1999లో గాని పార్లమెంటు అందులోంచి మూర్ఛ అన్న మాటను తీసేయలేదు. నా పెళ్ళి 1984లో. నన్ను శ్రీకాకుళం ఇచ్చారు. పౌడరు డబ్బా నాతోపాటు అత్తవారింటికి వచ్చింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ గదిలో మూర్ఛ ఉన్నవాళ్ళు ఉండవచ్చు, వాళ్ళ అమ్మానాన్నలు ఉండవచ్చు. మూర్ఛ పాపం కాదు, చీకటి కాదు. మెదడులో విద్యుత్తు ఒక్కసారిగా గతి తప్పడం, అంతే. డెక్స్‌టర్ దాచింది హత్యలు, నేను దాచింది మాత్రలు. ఆ రెండింటినీ ఒక త్రాసులో పెట్టడం లేదు. కానీ దాచుకుని బతికే మనిషి ఇంట్లో ఎలా తిరుగుతుందో, ఎవరైనా తలుపు తోస్తే చెయ్యి ఎటు పోతుందో, ప్రేమగా ఎవరైనా దగ్గరికి వస్తే లోపల ఏం బిగుసుకుంటుందో నాకు తెలుసు. ఏసీ యంత్రంలోంచి అతను ఆ పెట్టె తీసే ప్రతిసారీ నా చేతికి పౌడరు వాసన తగిలింది.

కథలోకి వద్దాం. డెక్స్‌టర్ తనకు మనసే లేదని మొదటి భాగం నుంచీ మనతో చెబుతూ ఉంటాడు. అదంతా స్వగతంలోనే చెబుతాడు. తెర మీద అతను నవ్వుతూ ఉంటాడు, వెనక నుంచి అతని గొంతు మనకు నిజం చెబుతూ ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లకు నేను ఇవ్వలేకపోయిన జవాబు ఇదే. లోకమంతటికీ అబద్ధం చెప్పేవాడు మనకొక్కరికే నిజం చెబితే, మనం అతని మనుషులమైపోతాం. అది చాలా బలమైన వల. ఈ ధారావాహిక ఆ వలను తెలిసే విసిరింది. అతను దొరికిపోతాడేమో అన్నప్పుడు నా గుండె దడదడలాడింది. దొరకాలి కదా, హంతకుడు కదా! అయినా దడదడలాడింది. పిల్లలు ఇలాంటివి చూసి హంతకుణ్ణి ప్రేమించడం నేర్చుకుంటారని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆ ప్రమాదం లేదనను. అయితే అతన్ని నమ్మినవాళ్ళందరూ ఏమయ్యారో కూడా ఆ కథే వరసపెట్టి చూపిస్తుంది. సగంలో ఆపేసిన వాళ్ళ సంగతి నాకు తెలియదు. చివరిదాకా చూసినవాళ్ళకు ఆ లెక్క అందకుండా పోదు.

మనసు లేదన్నవాడు చేసే పనులు చూడండి. రీటా అనే ఆవిడతో స్నేహం చేస్తాడు. ఆవిడను మొదటి భర్త హింసించాడు. దెబ్బ తిన్న మనిషి కాబట్టి తనను ఎక్కువ అడగదని, పైకి మామూలు మనిషిలా కనిపించడానికి పనికొస్తుందని లెక్క వేసుకుని ఎంచుకుంటాడు. రీటా పిల్లలు అతని భుజాలెక్కుతారు. లెక్క తప్పుతుంది. రెండో సీజన్లో అతని ప్రవర్తన చూసి, మత్తుమందు అలవాటు ఉందేమోనని రీటా అనుకుంటుంది. అదే నిజమన్నట్టు ఊరుకుంటాడు. వ్యసనపరులు ఒకరి కథ ఒకరు చెప్పుకునే సమావేశానికి వెళ్ళవలసి వస్తుంది. అక్కడ లేచి నిలబడి, నాలో ఒక చీకటి ఉంది, దాన్ని దాచుకుంటాను, ఎవరికీ చెప్పను, ఎప్పుడూ నాతోనే ప్రయాణం చేస్తూ ఉంటుంది అని చెబుతాడు. ఆ మాటల్లో ప్రతి ఒక్కటీ నిజం. జబ్బు పేరు ఒక్కటే అబద్ధం. ఆ కుర్చీలలో కూర్చున్న అపరిచితులు తల ఊపుతారు. అతని ముఖంలో ఒక సేద వస్తుంది. ఎనిమిది సీజన్లలో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయిన ముఖం అది.

నేను కూడా అలా చేశాను. మా అత్తగారితో, తలనొప్పికి మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాను. ‘పాపం, రోజూ వస్తుందా?’ అని ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో! కానీ అది నా తలనొప్పి మీద వేసిన చెయ్యి. నా మీద వేసింది కాదు.

తెలిసినవాళ్ళు దొరికితే చాలు, ఒంటరితనం పోతుందని మనం అనుకుంటాం. కథ అక్కడ ఆగదు. మొదటి సీజన్ చివర డెక్స్‌టర్‌కు సొంత అన్న దొరుకుతాడు, పేరు బ్రయన్. అదే కంటైనరులో, అదే నెత్తుటిలో కూర్చున్న ఇంకో పిల్లవాడు. అతనూ హంతకుడే. డెక్స్‌టర్‌ను ఉన్నది ఉన్నట్టుగా తెలిసిన మొదటి మనిషి. ముసుగు అక్కర్లేదు, నియమావళి అక్కర్లేదు, రా అంటాడు. బదులుగా ఒక్కటే అడుగుతాడు. నిన్ను పెంచిన ఇంటి పిల్లను, నీ చెల్లెలు డెబ్రాను చంపు. తనను పూర్తిగా ఎరిగిన అన్నను కాదని, ఏమీ ఎరగని చెల్లెల్ని ఎంచుకుంటాడు డెక్స్‌టర్. అన్నను చంపి ఏడుస్తాడు. మనసు లేదన్నవాడి కన్నీళ్ళు అవి. మూడో సీజన్లో మిగెల్ ప్రాడో అనే ప్రాసిక్యూటర్ స్నేహితుడవుతాడు. నమ్మకానికి గుర్తుగా నెత్తుటి మరకలున్న తన చొక్కా ఇస్తాడు. అది ఆవు నెత్తురని తర్వాత పరీక్షలో తేలుతుంది. నెత్తురు చూసి నిజం చెప్పడమే వృత్తిగా ఉన్న మనిషి, స్నేహం మీది ఆశతో ఆ ఒక్క చొక్కాను ఎంతకాలానికో గాని పరీక్ష చేయడు.

నాలుగో సీజన్ దగ్గర కొంచెం ఆగాలి. ఆర్థర్ మిచెల్ పాత్రలో జాన్ లిత్‌గో నటించాడు. 2010లో హాల్‌కూ అతనికీ కూడా గోల్డెన్ గ్లోబ్ బహుమతులు వచ్చాయి. ఆర్థర్ చర్చిలో పెద్దమనిషి, ఇల్లు లేనివాళ్ళకు ఇళ్ళు కడతాడు. భార్య, ఇద్దరు పిల్లలు. ముప్పై ఏళ్ళుగా హత్యలు చేస్తున్నాడు. డెక్స్‌టర్‌కు అప్పటికి రీటాతో పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. ఆర్థర్‌ను చంపే అవకాశం చేతికి వచ్చినా చంపడు. సంసారాన్నీ హత్యలనూ ఒకే ఇంట్లో ఎలా నడపాలో ఇతని దగ్గర నేర్చుకుందామని దొంగపేరుతో అతని ఇంట్లో చేరతాడు. కొన్నాళ్ళకు ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర అసలు సంగతి కళ్ళబడుతుంది. భార్య బెదిరిపోయి ఉంటుంది, కొడుకు వణుకుతూ ఉంటాడు. నేర్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు. చివరికి ఆర్థర్‌ను చంపి, తేలికపడిన మనసుతో ఇంటికి వస్తాడు. స్నానపు తొట్టిలో రీటా చనిపోయి ఉంటుంది. చావడానికి ముందే ఆర్థర్ వచ్చి వెళ్ళాడు. కింద నెత్తుటి మడుగులో పసివాడు హారిసన్ కూర్చుని ఏడుస్తూ ఉంటాడు. తండ్రి ఏ మడుగులో కూర్చున్నాడో అదే మడుగు కొడుక్కు దక్కింది. అప్పుడు మా మేనకోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రీటాకు చివరిదాకా ఏమీ తెలియదు. ఆవిడ ఎవరిని పెళ్ళి చేసుకుందో ఆవిడకు తెలియదు. ఎవరి శత్రువు చేతిలో చస్తోందో తెలియదు. డెక్స్‌టర్ ఆవిడను ప్రేమించాడా అంటే, ప్రేమించాడనే అంటాను. తన దగ్గర ఉన్నదంతా ఇచ్చాడు, ఒక్కటి తప్ప. అది ఏమిటో నాకు ఒక మనిషి చెప్పాడు. మా వారు.

1991 రథసప్తమికి అరసవల్లి వెళ్ళాం. ఆ పండగకు అర్ధరాత్రి దాటగానే స్వామికి అభిషేకం మొదలవుతుంది, జనం ముందు రోజు నుంచే వరసలో నిలబడతారు. మా అత్తగారి మొక్కు. రాత్రి మేలుకోకు అన్న నాన్న నియమం నాకు గుర్తుంది, కానీ కాదనడానికి కారణం చెప్పాలి, చెప్పకూడదు. నిద్ర లేకపోతే మూర్ఛ వచ్చే వీలు ఎక్కువ. తెల్లవారుజామున వరసలోనే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి ఆయన ఒళ్ళో ఉన్నాను. చేతిలో ఎవరిదో తాళాల గుత్తి.

ఇంటికి వచ్చాక పౌడరు డబ్బా నేనే తెచ్చి ఇచ్చాను. దూది తీసి చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు పాలకొండలో వాళ్ళ అన్నగారి ఇంటికి వెళ్ళిపోయారు. పంతొమ్మిది రోజులు. మా నాన్న అప్పటికి పోయి మూడేళ్ళు. అడగడానికి ఎవరూ లేరు. తిరిగి వచ్చిన రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన అన్నారు: ‘జబ్బు ఉందని కోపం రాలేదు. తెలిస్తే నేను ఏం చేస్తానో నువ్వూ మీ నాన్నగారూ నా బదులు ముందే తీర్మానించేశారు. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఉండాలని నేను ఎప్పుడు ఎంచుకున్నాను?’

నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆయన లోపలికి వెళ్ళి మాత్ర పేరు, వేళ అడిగి గోడ మీది క్యాలెండర్లో రాశారు.

డెక్స్‌టర్ రీటాకు ఇవ్వనిది అదే. తెలిసిన తర్వాత వెళ్ళిపోయే హక్కు. ఆ హక్కు లేని చోట ఆవిడ అతని పక్కన ఉండటం ఆవిడ ఎంచుకున్నది కాదు. ఆరో సీజన్ చివర ఒక పాడుబడిన చర్చిలో, డెక్స్‌టర్ ఒకణ్ణి చంపుతున్న క్షణంలో డెబ్రా తలుపు తోసుకుని వస్తుంది. డెబ్రాకూ అతను చెప్పలేదు, ఆమె చూసింది. పోలీసు అధికారి, హంతకుడి చెల్లెలు, రెండూ ఒకేసారి అయిపోయింది. అన్నను మాన్పించాలని తన ఇంట్లో పెట్టుకుని కాపలా కాస్తుంది. ఏడో సీజన్ ముగిసేసరికి అన్నను కాపాడటానికి తన పై అధికారిణిని, నిరపరాధిని, తుపాకీతో కాలుస్తుంది. అది జరిగిన చోటు ఏమిటో తెలుసా? సరుకుల కంటైనరు. డెక్స్‌టర్ తల్లి చచ్చిన లాంటి చోటే. దాపరికంలోకి ఈడ్చుకొచ్చిన వాళ్ళను ఆ ఇనుప పెట్టె ఎలా మింగుతుందో చూపిన ఆ రచయితలకు నేను చేతులు జోడిస్తాను.

ఒక్క లూమెన్ కథ వేరు. అయిదో సీజన్లో వస్తుంది. కొందరు మగవాళ్ళు ఆమెను బంధించి చిత్రహింసలు పెట్టారు, డెక్స్‌టర్ కాపాడాడు. ఆమె అతని రహస్యం మొదటి రోజే చూసింది. అన్నీ తెలిసి, తన కారణంతో తాను, అతని పక్కన నిలబడింది. పగ తీరిన మర్నాడు, నాలో ఇక ఆ చీకటి లేదు, నేను ఉండలేను అంటుంది. డెక్స్‌టర్ పళ్ళెం ఒకటి నేలకేసి కొడతాడు. తర్వాత, నీ చీకటి పోయినందుకు బాధపడకు, దాన్ని నీ కోసం నేను మోస్తాను అని చెప్పి పంపిస్తాడు. ఆమె వెళ్ళిపోతుంది. ఎనిమిది సీజన్లలో అతను కోరుకున్న నిజమైన బంధం ఇదొక్కటే అని నా నమ్మకం. ఆమె వెళ్ళగలిగింది కాబట్టి, ఉన్నన్నాళ్ళూ ఉన్నది నిజం. మా మేనకోడలు ఒప్పుకోలేదు. రీటాదే నిజమైన ప్రేమ అంటుంది. ఇప్పటికీ ఫోనులో ఈ వాదన నడుస్తోంది.

ఇప్పుడు మన దిబ్బకు తిరిగి రండి. గిరీశం చిన్నతనంలోనే వితంతువైన బుచ్చమ్మకు ఏం చెప్పాడు? వితంతు వివాహం, సంస్కరణ, పెద్ద పెద్ద మాటలు. తాను డబ్బు కాజేసిన పూటకూళ్ళమ్మ సంగతి చెప్పాడా? తాను ఉంచుకున్న వేశ్య మధురవాణి సంగతి చెప్పాడా? ఆ పిల్ల ఇల్లు వదిలి అతని వెంట నడిచింది, ఎవరి వెంట నడుస్తోందో తెలియకుండా. అదే నాటకంలో చివరికి మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఆయనకు వేశ్యలంటే గిట్టదని ఆమెకు తెలుసు. ఆ వేషం విప్పకుండానే పని చక్కబెట్టుకుని రావచ్చు. అయినా విప్పింది. నేను ఫలానా అని నిలబడింది. ఆయన అసహ్యించుకోవచ్చు, బయటికి పొమ్మనవచ్చు. ఆ స్వేచ్ఛను తన చేతులతో ఆయనకు ఇచ్చింది. నాటకమంతా వేషాలు వేసినవాళ్ళే, తన చేతులతో వేషం తీసింది ఆమె ఒక్కతే. గిరీశం గురించి ముప్పై ఏళ్ళు పరీక్షల్లో ప్రశ్నలు ఇచ్చాను. మధురవాణి తలపాగా తీసిన ఆ క్షణం గురించి ఒక్క ప్రశ్న కూడా ఇవ్వలేదు. అది నా లోటు, ఈ రోజు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ఎనిమిదో సీజన్ గురించి ఎక్కువ చెప్పను. బాగా రాయలేదు. డెబ్రా చనిపోతుంది, ఆమె దేహాన్ని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో వదిలి, తుపానులోకి పోయి, చివరికి ఓరెగాన్ అడవుల్లో కట్టెలు కొట్టుకుంటూ తేలతాడు డెక్స్‌టర్. చాలామంది ప్రేక్షకులు నొచ్చుకున్నారు, నేనూ నొచ్చుకున్నాను. తర్వాత 2021 నవంబరులో ‘న్యూ బ్లడ్’ అని పది భాగాలు వచ్చాయి. మంచు ఊరు, మారుపేరు. పెరిగి పెద్దవాడైన హారిసన్ తండ్రిని వెతుక్కుంటూ వస్తాడు. అక్కడ డెక్స్‌టర్ కొడుకును కూర్చోబెట్టి తన సంగతి తన నోటితో చెబుతాడు. ఎవరూ తలుపు తోసుకుని రాకముందే చెప్పాడు. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. కొడుకు ముందు తేలికపడతాడు, తానొక్కడే కాదని. కొన్ని రోజులకే, తప్పించుకునే తొందరలో తండ్రి ఒక మంచి పోలీసును చంపాడని, ఆ పోలీసు తనను ఆదరించిన కోచ్ అని తెలుస్తుంది. ఇద్దరం పారిపోదాం రా అంటాడు తండ్రి. కొడుకు రానన్నాడు. తుపాకీ ఎత్తాడు. తండ్రి కాదనలేదు, గుండె మీద ఎక్కడ కాల్చాలో చూపించాడు.

2025లో ఆ కథను మళ్ళీ కొనసాగించారు, డెక్స్‌టర్ బతికాడన్నారు. అది వ్యాపారం. నా మనసులో కథ ఆ మంచులోనే ఉంది. హ్యారీ కొడుకుకు దాచడం నేర్పి, కొడుకు ఎవరో చూడలేక చచ్చిపోయాడు. డెక్స్‌టర్ కొడుకుకు అంతా చెప్పి, కొడుకు కాదన్నప్పుడు ఆ కాదనడాన్ని ఒప్పుకున్నాడు. ఒక తరం పట్టింది, ఎన్నో ప్రాణాలు పోయాయి. నా మాత్రలు నా కూతురికి అయిదేళ్ళు నిండకముందే దాని చేతికిచ్చి చూపించాను. అమ్మ పడిపోతే ఏం చేయాలో, చేతిలో తాళాలు పెట్టనక్కర్లేదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలని చెప్పాను. పౌడరు డబ్బా ఇప్పుడు మా వంటింట్లో ఉంది. అందులో ఆవాలు పోసుకున్నాం.

ఇప్పుడు ఈ ధారావాహిక మొదట వచ్చే పేర్ల దృశ్యం చూపిస్తాను. దాదాపు రెండు నిమిషాలే. హత్య ఏదీ లేదు, చిన్నపిల్లలు కూడా చూడవచ్చు. ఒక మనిషి పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటాడు, గుడ్డు వేయించుకుంటాడు, నారింజ కోసుకుంటాడు, బూటు లేసులు బిగించుకుంటాడు. మనం రోజూ చేసే పనులే. దగ్గరగా చూపిస్తారు కాబట్టి ప్రతి పనీ భయపెడుతుంది. చివరలో బనియను తల మీదుగా వేసుకుంటాడు. తల బయటికి వచ్చే ముందు ఒక్క క్షణం, ఆ తెల్లటి గుడ్డ ముఖానికి అతుక్కుపోయి, కళ్ళూ ముక్కూ ఆకారం మాత్రమే తెలుస్తుంది. అక్కడ చూడండి. ఆ తర్వాత మీ ప్రశ్నలు వింటాను.

బాబూ, దీపాలు ఆపండి.